చేయి పట్టి దిద్దించే యంత్రం: పక్షవాత చికిత్సలో రోబోల చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• దెబ్బతిన్న మెదడు తిరిగి నేర్చుకోలేదన్న పాత అభిప్రాయం ఎలా మారిందో వివరించగలుగుతారు.
• చేతి చికిత్సకు రోబోను ఎందుకు రూపొందించారో, అది ఎలా పనిచేస్తుందో చెప్పగలుగుతారు.
• 1997 నుంచి 2019 వరకు జరిగిన ముఖ్యమైన పరీక్షల ఫలితాలను పోల్చి చూడగలుగుతారు.
• ఒక కొత్త చికిత్స విలువను చరిత్ర విద్యార్థిగా ఎలా అంచనా వేయాలో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

నా చిన్నతనంలో మా మేనత్తకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. కొన్ని నెలలకు కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. గోడ పట్టుకుని నడిచేది. చేయి మాత్రం రాలేదు. నూనె మర్దనాలు, పసరు మందులు అన్నీ అయ్యాక ఇంట్లోవాళ్లు ‘ఇక ఇంతే’ అనుకున్నారు. ఆమెకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది నలుగురిలో ఎడమచేత్తో అన్నం తినవలసి రావడం. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోవడమే మానేసింది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇటువంటివారు ఉండే ఉంటారు. మెదడులో రక్తనాళం మూసుకుపోవడం లేదా చిట్లడం వల్ల పక్షవాతం వస్తుంది. తలకు దెబ్బ తగిలినా, వెన్నుపాము దెబ్బతిన్నా కూడా చేతులు పడిపోవచ్చు. ఈ సందర్భాలన్నిటిలోనూ చేతి కండరాలు, ఎముకలు బాగానే ఉంటాయి. దెబ్బ తగిలింది వాటిని నడిపించే నాడీమండలానికి. అటువంటి చేతిని తిరిగి పనిలోకి తేవడానికి రోబోలను వాడే ప్రయత్నం 1989లో అమెరికాలో మొదలైంది. ఈ భాగంలో ఆ ప్రయత్నం చరిత్రను తెలుసుకుందాం.

చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. రోగికి మేలు చేసేది యంత్రమా, లేక ఆ యంత్రం రోగి చేత చేయించే సాధనా? ఈ రంగంలో 30 ఏళ్లపాటు జరిగిన పరిశోధనలు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చాయి.

9.2 ‘ఇక ఇంతే’ అన్న నమ్మకం ఎలా సడలింది

‘ఇక ఇంతే’ అన్నది మా ఇంటి మాట మాత్రమే కాదు. 20వ శతాబ్దంలో చాలాకాలం వైద్యశాస్త్రం కూడా దాదాపు ఇదే చెప్పింది. స్పెయిన్ దేశపు ప్రసిద్ధ నాడీశాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్, పెద్దవారి మెదడులోని నాడీమార్గాలు స్థిరపడిపోయినవని, తిరిగి పెరగవని భావించాడు. ఆయన మాటకున్న గౌరవం వల్ల ఆ అభిప్రాయం పాఠ్యగ్రంథాలలో నిలిచిపోయింది. అందువల్ల చికిత్స లక్ష్యం కూడా పరిమితమైంది. పడిపోయిన చేయి బిగుసుకుపోకుండా చూడటం, మిగిలిన చేత్తో పనులు చేసుకోవడం నేర్పడం, అంతవరకే.

ఈ నమ్మకాన్ని సడలించిన ప్రయోగాలు చాలావరకు కోతులపై జరిగాయి. 1895లో ఇంగ్లండులో మాట్, షెరింగ్టన్ అనే శాస్త్రవేత్తలు కోతి ఒక చేతి నుంచి మెదడుకు స్పర్శను చేరవేసే నాడులను కత్తిరించారు. చేతిని కదిలించే నాడులను ముట్టుకోలేదు. అయినా కోతి ఆ చేతిని వాడటం మానేసింది. స్పర్శ లేనిదే ఇష్టపూర్వకమైన కదలిక ఉండదని వారు నిర్ణయించారు. 20వ శతాబ్ది రెండవ భాగంలో అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ ఇదే ప్రయోగాన్ని చిన్న మార్పుతో చేశాడు. బాగున్న చేతిని కట్టేశాడు. అప్పుడు కోతి ‘పనికిరాని’ చేతిని వాడటం మొదలుపెట్టింది. అంటే ఆ చేతికి కదిలే శక్తి ఉంది. మొదట్లో ప్రయత్నించి విఫలమైన కోతి, ఆ చేతిని వాడకపోవడాన్నే అలవాటు చేసుకుంది. టౌబ్ దీనిని ‘నేర్చుకున్న నిరుపయోగం’ అన్నాడు.

ఈ జ్ఞానం ఉచితంగా రాలేదన్న సంగతి కూడా మీరు గమనించాలి. 1981లో టౌబ్ ప్రయోగశాలలోని కోతుల దుస్థితిపై పోలీసు కేసు నమోదైంది. ఆయనపై పడిన శిక్ష పైకోర్టులలో నిలవలేదు గాని, జంతుప్రయోగాల నియమాలపై అమెరికాలో పెద్ద చర్చ రేగింది.

1996లో రాండాల్ నూడో, ఆయన సహచరులు మరో అడుగు ముందుకు వేశారు. కోతుల మెదడులో చేతిని నడిపే ప్రాంతంలో కొంత భాగం దెబ్బతిన్న తరువాత, చిన్న గుంటలలోంచి ఆహారపు గుళికలను వేళ్లతో తీసే పనిని వాటి చేత పదేపదే చేయించారు. అలా సాధన చేసిన కోతులలో దెబ్బతిన్న చోటు పక్కన మిగిలిన చేతి ప్రాంతం కుంచించుకుపోకుండా నిలిచింది. కొన్నిటిలో పక్క ప్రాంతాలలోకి విస్తరించింది కూడా. మెదడుకు మారే గుణం ఉందని, ఆ మార్పుకు సాధనే దారి అని దీనితో బలంగా తెలిసింది.

మనుషుల విషయంలో ఇదే సూత్రాన్ని 2006లో అమెరికాలో 222 మంది రోగులపై పరీక్షించారు. మేలుగా ఉన్న చేతికి మెలకువగా ఉన్న సమయంలో అధికభాగం తొడుగు వేసి, పడిపోయిన చేత్తో రెండు వారాలపాటు పనులు చేయించారు. వారు మామూలు చికిత్స పొందినవారికంటే స్పష్టంగా మెరుగయ్యారు. అయితే ఈ పద్ధతికి చేతిలో కొద్దిపాటి కదలిక ముందే ఉండాలి. వేళ్లు, మణికట్టు అసలే కదలని వారికి ఏం చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది.

9.3 చికిత్స చేసే చేతులు, వాటి పరిమితి

సాధన మేలు చేస్తుందని తేలిన తరువాత సహజంగా వచ్చే ప్రశ్న: ఎంత సాధన? 2009లో కాథరిన్ లాంగ్ బృందం అమెరికా, కెనడాలలోని పునరావాస కేంద్రాలలో 312 చికిత్సా సమయాలను పక్కన కూర్చుని గమనించి, రోగి చేత ఎన్ని కదలికలు చేయిస్తున్నారో లెక్కపెట్టింది. చేతితో ఉపయోగకరమైన పనిని సాధన చేయించిన సందర్భాలలో, ఒక విడతకు సగటున తేలినవి 32 కదలికలే. జంతుప్రయోగాలలో ఈ సంఖ్య వందలలో ఉండేది.

ఇది ఫిజియోథెరపిస్టుల అశ్రద్ధ కాదు. పడిపోయిన చేయి బరువుగా ఉంటుంది. దానిని మోస్తూ, భుజం దెబ్బతినకుండా చూస్తూ, రోగికి ధైర్యం చెబుతూ గంటసేపు ఒకే కదలికను చేయించడం మనిషికి కష్టం. రోజుకు పదిమంది రోగులుంటే ఇంకా కష్టం.

మరో ఇబ్బంది కొలతకు సంబంధించినది. ‘కొంచెం నయం’ అంటే ఎంత? స్వీడన్‌కు చెందిన ఫుగల్-మేయర్, సహచరులు 1975లో ఒక కొలమానాన్ని ప్రచురించారు. దానిలో చేతికి గరిష్ఠంగా 66 మార్కులు. భుజం ఎత్తగలరా, మోచేయి చాపగలరా, వేళ్లు విప్పగలరా అని ఒక్కో కదలికకు మార్కు వేస్తారు. ఈ భాగంలో ముందుముందు వచ్చే చాలా ఫలితాలు ఈ 66 మార్కులలోనివే. ఇది కదలికను కొలుస్తుంది, ఆ చేత్తో ముద్ద కలుపుకోగలరా లేదా అన్నది కొలవదు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

9.4 ఎం.ఐ.టి.-మానుస్: మెత్తని రోబో

అలసట లేకుండా అదే కదలికను వేలసార్లు చేయగలిగేది యంత్రం. ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే స్వీడన్‌లో గుస్తావ్ జాండర్ అనే వైద్యుడు వ్యాయామ చికిత్స కోసం ఎన్నో యంత్రాలను తయారుచేశాడు. అయితే అవి రోగి ఎలా ఉన్నాడో తెలుసుకోలేవు. రోబోకు ఆ శక్తి ఉంది. అది తన మీద పడే బలాన్ని, చేయి ఉన్న స్థానాన్ని క్షణక్షణం కొలిచి తన తీరు మార్చుకోగలదు.

కాని కర్మాగారాలలోని రోబోలు ఈ పనికి తగినవి కావు. కారు తలుపును అతికించే రోబో తనకు చెప్పిన దారిలోనే పోతుంది. అడ్డొచ్చినదానిని తోసేస్తుంది. రోగి చేయి బిగుసుకున్నప్పుడు అలా తోస్తే గాయమవుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైన నెవిల్ హోగన్ 1985లో ఈ చిక్కుకు పరిష్కారం చూపే సిద్ధాంతాన్ని ప్రచురించాడు. దానిని ‘ఇంపీడెన్స్ కంట్రోల్’ అంటారు. ఇందులో యంత్రానికి ‘ఇక్కడికి వెళ్లు’ అని మాత్రమే చెప్పరు. ‘ఎదురు బలం వస్తే ఎంతవరకు లొంగాలి, ఎంతవరకు నిలబడాలి’ అన్నది కూడా నిర్ణయిస్తారు.

అక్షరాభ్యాసాన్ని గుర్తుచేసుకోండి. పెద్దవారు పిల్లవాడి చేయి పట్టుకుని పలక మీద దిద్దిస్తారు. మరీ గట్టిగా పట్టుకుంటే రాసేది పెద్దవారే అవుతారు, పిల్లవాడు నేర్చుకునేది ఏమీ ఉండదు. పూర్తిగా వదిలేస్తే అక్షరం వంకర పోతుంది. దారి తప్పినప్పుడు మెల్లగా సర్ది, సరిగా పోతున్నప్పుడు పట్టు సడలించే చేయి మంచి గురువు చేయి. హోగన్ సిద్ధాంతం యంత్రానికి ఇచ్చినది ఈ పట్టునే.

1989లో హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ తదితరులు ఆ సూత్రంతో చికిత్సా రోబోను తయారుచేయడం మొదలుపెట్టారు. దాని పేరు ఎం.ఐ.టి.-మానుస్. లాటిన్ భాషలో ‘మానుస్’ అంటే చేయి. ‘మనసు, చేయి’ అన్నది ఆ సంస్థ లాటిన్ నినాదం. రోగి ఒక బల్ల ముందు కూర్చుంటాడు. ముంజేతిని ఆనించి, రోబో చివరనున్న పిడిని పట్టుకుంటాడు. ఎదురుగా తెర మీద మధ్యలో ఒక గుర్తు, దాని చుట్టూ గడియారంలో అంకెల్లా 8 గుర్తులు ఉంటాయి. వెలిగిన గుర్తు వైపు చేతిని జరపాలి. జరపలేకపోతే రోబో సాయం చేస్తుంది. బల్ల మీద అడ్డంగా జరిగే ఈ కదలికలతో భుజం, మోచేయి సాధన చేస్తాయి.

న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌లో ఉన్న బర్క్ పునరావాస ఆస్పత్రిలో నాడీవైద్యుడు బ్రూస్ వోల్పే బృందంతో కలిసి దీనిని పరీక్షించారు. 1997లో ప్రచురించిన తొలి ఫలితాలు 20 మంది రోగులవి. అందరికీ మామూలు చికిత్స అందింది. ఒక సమూహానికి అదనంగా వారానికి 4-5 గంటల రోబో సాధన ఇచ్చారు. రెండవ సమూహాన్ని రోబో ముందు కొద్దిసేపు కూర్చోబెట్టారు గాని ఆ సాధన ఇవ్వలేదు. యంత్రాన్ని చూసిన ఉత్సాహం వల్లనే మెరుగయ్యారన్న అనుమానం రాకుండా ఈ జాగ్రత్త తీసుకున్నారు. సాధన పొందినవారి భుజం, మోచేయి ఎక్కువగా మెరుగయ్యాయి. 2000లో 56 మందితో చేసిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. అయితే రెండు సమూహాలలోనూ మణికట్టు, వేళ్లలో తేడా రాలేదు. రోబో సాధన చేయించింది భుజానికి, మోచేతికి మాత్రమే. మెరుగైనవీ అవే. సాధన చేసిన భాగమే నేర్చుకుంటుందన్న పాఠం ఇక్కడ స్పష్టమైంది. ఆ తరువాతే మణికట్టుకు, వేళ్లకు వేరు పరికరాలు వచ్చాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ‘నేర్చుకున్న నిరుపయోగం’ అంటే ఏమిటి?
2. కర్మాగారంలోని రోబో చేతి చికిత్సకు ఎందుకు తగదు?

9.5 పోటీగా వచ్చిన ప్రయత్నాలు

ఈ ఫలితాలు ఇతరులను కూడా ఆకర్షించాయి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మాజీ సైనికుల ఆస్పత్రి పరిశోధకులు ‘ప్యూమా’ అనే పారిశ్రామిక రోబోనే తగిన జాగ్రత్తలతో వాడి ‘మైమ్’ అనే యంత్రాన్ని రూపొందించారు. మంచి చేయి కదిలిన తీరును అద్దంలో ప్రతిబింబంలా అనుసరిస్తూ పడిపోయిన చేతిని కదిలించడం దాని ప్రత్యేకత. 2002లో 27 మందిపై ప్రచురించిన పరీక్షలో రోబో సమూహం మొదట్లో ముందంజలో ఉంది. ఆరు నెలలకు ఫుగల్-మేయర్ మార్కులలో ఆ తేడా మిగలలేదు.

స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో రాబర్ట్ రీనర్, తోబియాస్ నెఫ్ బృందం చేతికి కవచంలా తొడిగే ‘ఆర్మిన్’ను తయారుచేసింది. అది చేతిని గాలిలో అన్ని వైపులకూ తిప్పగలదు.

వీటన్నిటిలో ఎక్కువగా ఆలోచింపజేసే ప్రయోగం చిన్నది. డేవిడ్ రైన్‌కెన్స్‌మేయర్ బృందం ‘ఆర్మ్ గైడ్’ అనే పరికరంతో 2006లో 19 మందిపై ఒక పరీక్ష ప్రచురించింది. ఒక సమూహం రోబో సాయంతో చేతిని ముందుకు చాపే సాధన చేసింది. రెండవ సమూహం అదే సాధనను రోబో లేకుండా చేసింది. రెండు సమూహాలూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. మొదట్లో మిమ్మల్ని గుర్తుంచుకోమన్న ప్రశ్న ఇక్కడ తొలిసారి గట్టిగా ఎదురైంది.

9.6 పెద్ద పరీక్షల తీర్పు

చిన్న పరీక్షలలో ఆశ ఎక్కువగా కనిపిస్తుంది. అది నిజమా కాదా తేలాలంటే ఎక్కువమందితో, సరైన పోలికతో పరీక్ష జరగాలి. 2010లో ఆల్బర్ట్ లో నాయకత్వాన అమెరికాలోని నాలుగు మాజీ సైనికుల ఆస్పత్రులలో 127 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వారికి పక్షవాతం వచ్చి కనీసం 6 నెలలు గడిచాయి. సగటున 4 ఏళ్లకు పైనే. ఇందులో 49 మంది రోబోతో సాధన చేశారు. 50 మందికి ఫిజియోథెరపిస్టులు అంతే తీవ్రతతో చేత్తో సాధన చేయించారు. 28 మంది మామూలు చికిత్సలో ఉన్నారు. సాధన పొందినవారికి 12 వారాలలో 36 విడతలు. రోబోతో ఒక్కో విడతలో సగటున 1,024 కదలికలు జరిగాయి.

12 వారాల తరువాత మామూలు చికిత్సకంటే రోబో సమూహానికి 66కు 2.17 మార్కులు ఎక్కువ వచ్చాయి. అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలని తేడా. 36 వారాలకు తేడా 2.88 అయింది. ఇది చిన్నదైనా గణాంక పరీక్షలో నిలిచింది. రోబోకు, అంతే తీవ్రతతో మనుషులు చేయించిన సాధనకు మధ్య మాత్రం తేడా కనిపించలేదు. ఏళ్ల తరబడి పడిపోయి ఉన్న చేయి కూడా ఇంకా నేర్చుకోగలదని ఈ పరీక్ష చెప్పింది. ‘ఇక ఇంతే’ అన్న మాటకు ఇది గట్టి జవాబు. కాని ఆ ఘనత యంత్రానికి మాత్రమే చెందదు.

2014లో స్విట్జర్లాండ్‌లో 77 మందిని తీసుకుని ఆర్మిన్‌ను మామూలు చికిత్సతో పోల్చారు. తేడా 0.78 మార్కులు. గణాంకపరంగా నిలిచినా, రోగి జీవితంలో దాని ప్రభావం చాలా తక్కువ.

అన్నిటికంటే పెద్దది 2019లో బ్రిటన్ నుంచి వచ్చింది. ‘రాటుల్స్’ అనే ఈ పరీక్షలో 770 మంది రోగులు పాల్గొన్నారు. వాడిన రోబో ఎం.ఐ.టి.-మానుస్ కుటుంబానిదే. వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, 12 వారాలు సాధన చేయించారు. ఈసారి ప్రధాన కొలత కదలిక మార్కులు కాదు. వస్తువును పట్టుకోవడం, ఎత్తడం, పెట్టడం వంటి పనులు చేయగలగడం. మూడు నెలలకు ‘విజయం’ సాధించినవారు రోబో సమూహంలో 44 శాతం, మనుషులు చేయించిన అదనపు సాధన సమూహంలో 50 శాతం, మామూలు చికిత్సలో 42 శాతం. రోబో సాధన మామూలు చికిత్సకంటే చేతి పనితనాన్ని పెంచిందని చెప్పలేమని పరిశోధకులు ప్రకటించారు. రోబో సమూహంలో కదలిక మార్కులు కొంత పెరిగినా అవి పనిగా మారలేదు. ఖర్చులోనూ మామూలు చికిత్సే తక్కువ.

దీనికి ఒక ఏడాది ముందు, 2018లో, కొక్రేన్ సంస్థ 45 పరీక్షలను, 1,619 మంది రోగుల వివరాలను కలిపి చూసి, రోబో వంటి పరికరాల సాధన చేతి పనితనాన్ని, బలాన్ని, దైనందిన పనులు చేసుకునే శక్తిని మెరుగుపరచవచ్చని చెప్పింది. రెండు నిర్ణయాలూ పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. ఒకటి అబద్ధమని తొందరపడకండి. కలిపి చూసిన పరీక్షలలో యంత్రాలు వేరు, రోగుల స్థితి వేరు, పోల్చిన చికిత్స వేరు. ఏ ఫలితం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. దేనితో పోల్చారు? ఏమి కొలిచారు? ఎవరిమీద చేశారు?

9.7 చరిత్ర ఇచ్చే పాఠం

‘రోబో’ అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం ద్వారా లోకానికి తెలిసింది. దానికి మూలమైన చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరీ. యంత్రం మనిషికి బదులు వెట్టి చేయాలన్నది ఆ పేరులోని ఆశ. చేతి చికిత్సలో ఆ ఆశ పనికిరాదు. రోగి కూర్చుని ఉండగా యంత్రమే చేతిని తిప్పితే మెదడు నేర్చుకునేది తక్కువ. అందుకే క్రెబ్స్ బృందం 2003 నాటికే, రోగి ప్రయత్నాన్ని గమనిస్తూ సాయాన్ని తగ్గించుకుంటూ పోయే పద్ధతిని రోబోకు నేర్పింది.

అయితే రోబో వ్యర్థమా? అలా అనడం కూడా సరికాదు. అసలే కదలని చేతికి వందల కదలికలు చేయించడం, కొలతలను కచ్చితంగా నమోదు చేయడం, ఫిజియోథెరపిస్టు శ్రమను తగ్గించడం అది చేయగలదు. ఒక నిపుణుడు ఒకేసారి ఇద్దరు ముగ్గురు రోగులను చూడగలిగితే, నిపుణులు తక్కువగా ఉన్న మనవంటి దేశంలో దాని లెక్క వేరుగా ఉండవచ్చు. కాని ఖరీదైన యంత్రం పట్టణాలలోని పెద్ద ఆస్పత్రులకే పరిమితమైతే ఆ లాభం పల్లెకు చేరదు. చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువారు వైద్యానికి వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, మద్రాసు ఐ.ఐ.టి. కలిసి ‘ప్లూటో’ అనే చిన్న రోబోను రూపొందించడానికి కారణం ఇదే. ఒకే మోటారుకు పిడులు మార్చుకుంటూ మణికట్టుకు, వేళ్లకు సాధన చేయించే పరికరమది. ఇంటికి తీసుకువెళ్లగలిగేంత చిన్నది.

ఇంకొక సంగతి. ఈ చరిత్రలో అందరికంటే గౌరవించవలసినవారిలో ‘మా యంత్రం అనుకున్నంత పని చేయలేదు’ అని ప్రచురించినవారూ ఉన్నారు. వారి వల్లనే సాధన పరిమాణం, రోగి ప్రయత్నం, చేసే పని అన్నవి అసలు మందులని మనకు తెలిసింది. మా మేనత్త కాలంలో రోబో లేకపోవడం ఆమె దురదృష్టం కాదు. చేయి ఇంకా నేర్చుకోగలదని ఆమెకు చెప్పేవారు, రోజూ పక్కన కూర్చుని వందసార్లు గిన్నె పట్టించేవారు లేకపోవడమే దురదృష్టం. మీ ఇంట్లో అటువంటివారుంటే ఫిజియోథెరపిస్టు సలహాతో ఆ పని మొదలుపెట్టడానికి రోబో వచ్చేదాకా ఆగనక్కరలేదు.

9.8 సారాంశం

పెద్దవారి మెదడు మారదన్న నమ్మకం 1895 నుంచి 1996 వరకు జరిగిన ప్రయోగాలతో క్రమంగా సడలింది. సాధనకు అవసరమైన సంఖ్యలో కదలికలు చేయించడం మనిషికి కష్టం కావడంతో రోబోల ఆలోచన బలపడింది. 1989లో మొదలైన ఎం.ఐ.టి.-మానుస్, లొంగుతూ సాయం చేసే యంత్రానికి నమూనా అయింది. తొలి పరీక్షలు ఆశ కలిగించాయి. 2010, 2014, 2019 పరీక్షలు ఆ ఆశకు హద్దులు గీశాయి. రోబో సాధనకు సాధనం మాత్రమే, సాధనకు బదులు కాదు.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెదడు మార్పుగుణం గురించిన అవగాహన చేతి చికిత్సను ఎలా మార్చిందో వివరించండి.
2. 2010, 2019 సంవత్సరాల పరీక్షల ఫలితాలను పోల్చి, వాటి ప్రాముఖ్యాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంపీడెన్స్ కంట్రోల్‌ను ఒక ఉదాహరణతో వివరించండి.
2. కదలిక మార్కులు పెరగడానికి, పనితనం పెరగడానికి గల తేడా ఏమిటి?
3. మీ ప్రాంతంలో పక్షవాతం వచ్చిన ఒకరికి అందిన చికిత్సను అడిగి తెలుసుకుని, ఈ పాఠంలోని అంశాలతో పోల్చండి.